శాస్త్రవేత్తగారి బొటనవేలు

"ఏం చేస్తుంటారండీ?" అని కొత్తవాళ్లెవరైనా అడిగితే, ఆయన ఈమధ్య "శాస్త్రవేత్తనండీ" అంటున్నాడు. అడిగినవాళ్లు ఆ మెట్ల కింది గదినీ, గోడ నిండా వేలాడుతున్న గడియారాల్నీ, ఆయన చొక్కా జేబు మీది నూనె మరకనీ చూసి తెల్లమొహం వేస్తారు. "ఖాళీ దొరికినప్పుడు వాచీలు బాగుచేస్తుంటాను" అని తనే కలిపి, నవ్వేసి, వాచీ ఇలా ఇవ్వమని చెయ్యి చాపుతాడు. వీధిలో సగం మందికి ఆ మాట వెనకున్న సంగతి తెలుసు. మిగతా సగం మందీ ఆ వీడియో చూసినవాళ్లే గానీ, అందులో ఉన్న మహానుభావుడు ఈయనేనని వాళ్లకి తెలియదు.

ఎదురుగా అందరూ ఆయన్ని వాచీల మాస్టారు అంటారు. చాటుగా భూతద్దం అంటారు. పొద్దున్నే షట్టరు ఎత్తి, స్టూలు మీద కూర్చుని, ఎడమకంటికి నల్లటి గొట్టంలాంటి అద్దం బిగించాడంటే సాయంత్రం దాకా దాన్ని తీయడం గుర్తుండదు. అలాగే అన్నానికి వెళ్లిపోతాడు. "మెతుకుల్లో పళ్లచక్రాలు వెతుకుతున్నారా ఏంటి? తీసి తినండి" అని ఆయన భార్య రోజూ కసురుతుంది. కుడిచేతి బొటనవేలి గోరు నడిమికి చీలి, రెండు ముక్కలుగా పెరుగుతుంది. పని నేర్చుకునే రోజుల్లో ఒక గోడగడియారం స్ప్రింగు తెగి ఎగిరి కొట్టిన గుర్తు అది. ఆ గోటి సందులోనే చిన్న స్క్రూని ఇరికించి పట్టుకుంటాడు. పనికిరాని వేలు ఆ విధంగా పనిముట్టు అయిందని గర్వం కూడా.

పనిలో మాత్రం ఆయన మహా అనుమానం మనిషి. బాగుచేసిన వాచీని చచ్చినా వెంటనే ఇవ్వడు. ఒక పూటంతా తన దగ్గరే ఉంచుకుని, గోడమీదున్న మూడు గడియారాలతో పోల్చి చూస్తాడు. తొందరపడే ఖాతాదారు ఎవరైనా "కరెక్టుగానే తిరుగుతోందిగా మాస్టారూ, ఇదుగో చూడండి" అన్నాడంటే అయిపోయినట్టే.

"దీని టైము దీన్నే అడిగితే ఏం చెబుతుందండీ? నేను కరెక్టే అంటుంది. పక్కదాన్ని అడగాలి."

ఇంత తెలివీ ఫోను చేతిలోకి వచ్చేసరికి ఏ డ్రాయరులో పెట్టి తాళం వేసేవాడో దేవుడికే తెలియాలి. ఫ్రిజ్ మీద పచ్చటి మొక్క పెడితే కరెంటు బిల్లు తగ్గుతుందని వస్తే పెట్టాడు. బిల్లు తగ్గలేదు, మొక్క చచ్చింది. ఎడమపక్కకి తిరిగి పడుకుంటే బట్టతల మీద జుట్టు వస్తుందంటే నెలంతా అలాగే పడుకున్నాడు. జుట్టు రాలేదు సరికదా మెడ పట్టేసింది. ఇవన్నీ పంపేది ఆయన బావమరిది. వాడు సగం చదివి పంపుతాడు, ఈయన మొత్తం చదివి నమ్ముతాడు. ఇద్దరిలో ఎవరు ఎక్కువ మొద్దో తేల్చుకోలేక ఆ ఇంటి ఇల్లాలు ఇద్దరికీ కలిపే చీవాట్లు పెట్టేది.

మొక్క చస్తే చచ్చింది, మెడ పట్టేస్తే పట్టేసింది. ఆయన నష్టం ఆయన గుమ్మం దాటలేదు. గుమ్మం దాటింది గుడ్ల సంగతి.

ఆయన కొట్టుకి ఎదురుగా గుడ్ల కొట్టు. నడిపే ఆవిడ భర్త పోయాక చాలాకాలం తోపుడుబండి మీద అమ్మింది. ఎండకీ వానకీ ఓర్చుకుని, ఎవరూ తట్టుకోలేని ఆ వీధి మూలమలుపులో నిలబడి నిలబడి, చివరికి షట్టరున్న గది ఒకటి అద్దెకి తీసుకుంది. షట్టరంటే ఆవిడకి ఎంత ముచ్చటో! మొదటి రోజు దాన్ని ఊరికే రెండుసార్లు దించి ఎత్తింది. అందరూ నవ్వారు, ఆవిడా నవ్వింది. ఆ రోజు వాచీల మాస్టారు తన చేత్తో ఒక గుండ్రటి గోడగడియారం తెచ్చి, మేకు కొట్టి, తగిలించి వచ్చాడు.

"టైము సరిచూసుకో చెల్లెమ్మా" అన్నాడు.

"నువ్వు పెట్టావుగా అన్నయ్యా, ఇంక చూసేదేముంది?" అంది ఆవిడ, కనీసం తలెత్తకుండా, గుడ్ల అట్టలు సర్దుకుంటూ.

అదీ ఆవిడ తీరు. అన్నయ్య చెప్పాడంటే అయిపోయింది. వర్షం వస్తుందని అన్నయ్య చెబితే మబ్బు వంక చూసేది కాదు, పట్టా కప్పేసేది. ఆ మాటకొస్తే వీధంతా అంతే. కంటికి అద్దం బిగించి చూసి చెప్పే మనిషి ఊరికే చెబుతాడా?

ఒక ఆదివారం బావమరిది ఇంటికొచ్చాడు. కుర్చీలో కూర్చోకుండానే ఫోను తీశాడు.

"బావా, చూశావా? మార్కెట్లోకి ప్లాస్టిక్ గుడ్లు దిగాయట. పెంకు లోపలి పొర లాగితే తెలిసిపోతుందట. అసలు గుడ్డుకి అంత గట్టి పొర ఉండదట."

"ఎవరన్నారు?"

"ఎవరో అన్నారు బావా. లక్షల మంది చూశారు."

లక్షల మంది చూశాక ఇంకెవరు అన్నారని అడగడం మర్యాద కాదనుకున్నాడేమో మాస్టారు, లేచి వంటింట్లోకి నడిచాడు. గిన్నెలోంచి ఒక గుడ్డు తీసి పగలగొట్టాడు. పెంకుకి అంటుకున్న పొర కొస పట్టుకుని లాగాడు. వచ్చింది. జేబులోంచి అద్దం తీసి కంటికి బిగించాడు. కిటికీ దగ్గరికెళ్లి ఆ పొరని వెలుతురుకి పట్టి చూశాడు.

పోగులు. ఒకదాని మీద ఒకటి పడి, అల్లుకుని, గుడ్డ నేసినట్టు సన్నటి పోగులు.

ఆయన గిర్రున వెనక్కి తిరిగాడు. "ఒరేయ్! ఇది నేత రా! మిషన్ నేత!"

"ఆగు బావా, ఆగు, కదలకు" అని బావమరిది అప్పటికే ఫోను పైకెత్తి తీస్తున్నాడు. మాస్టారు కదల్లేదు. కదలకపోవడమేం, కొంచెం పక్కకి తిరిగి, వెలుతురు బాగా పడేచోట నిలబడ్డాడు కూడా. పొరని రెండు వేళ్లతో సాగదీసి చూపిస్తూ, "ఇన్నేళ్లుగా అద్దంలో చూస్తున్నవాణ్ణి. కోడి కడుపులో మగ్గం ఉంటుందా? మీరే చెప్పండి" అన్నాడు. ఆ మగ్గం మాట అప్పటికప్పుడు తట్టింది. తట్టినందుకు తనని తనే మెచ్చుకున్నాడు. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి ఆయనకి.

వంటింటి గుమ్మంలో నిలబడి భార్య అడిగింది. "ఏమండీ, ఇంతకుముందెప్పుడైనా గుడ్డు పొరని ఆ అద్దంలో చూశారా?"

"లేదు. అయితే?"

"మరి మంచి గుడ్డుది ఎలా ఉంటుందో మీకెలా తెలుసు?"

మాస్టారికి చిరాకేసింది. తను ఎంతో పెద్ద సంగతి కనిపెట్టిన పూట ఈవిడ ఇలా అడ్డదిడ్డంగా అడగడం ఏం బాగుంది? "నీకు తెలియదులే" అన్నాడు. ఇంట్లో జవాబు లేని ప్రశ్నలన్నిటికీ ఆయన చెప్పే జవాబు అదే.

వీడియో వీధి గ్రూపులోకి వెళ్లింది. అక్కణ్ణుంచి ఎక్కడికి వెళ్లిందో ఎవరికీ తెలియదు.

మర్నాటికి గుడ్ల కొట్టు దగ్గర జనం తగ్గారు. ఆ మర్నాడు జనం వచ్చారు గానీ కొనడానికి రాలేదు, పరీక్షించడానికి వచ్చారు. ఒక్కొక్కరూ ఒక గుడ్డు తీయడం, పగలగొట్టడం, పొర లాగడం, "అమ్మో! చూశారా, వస్తోంది!" అనడం. పొర రాకుండా ఎక్కడికి పోతుంది? రోజూ అట్టలకి అట్టలు తీసుకెళ్లే హోటలాయన రావడం మానేశాడు. ఏ గుడ్డు పగిలినా అది ఆవిడ నష్టమే. గచ్చు మీద సొన తుడవడానికి ఒక బకెట్టు అక్కడే శాశ్వతంగా పెట్టుకుంది. గది ఉంటుందో ఊడుతుందో, మళ్లీ ఆ మలుపులో బండి దగ్గర నిలబడాల్సి వస్తుందేమోనని ఆవిడ దిగులు. ఆ దిగులు ఎవరితోనైనా చెప్పుకోవాలంటే ఎదురుకొట్టు అన్నయ్యే కనిపించాడు.

"అన్నయ్యా, నువ్వే ఒకమాట చెప్పు వీళ్లకి. నావి మంచి గుడ్లేనని చెప్పు. నీ మాట వింటారు."

"నిన్నెవరంటున్నారు చెల్లెమ్మా? నువ్వు మంచిదానివే. గుడ్లే మోసం. నువ్వు తెచ్చేచోట మార్చు, అంతే."

"ఎప్పట్నుంచో అక్కణ్ణుంచే తెస్తున్నాను కదన్నయ్యా. రోజూ నేనూ అవే తింటున్నాను."

ఆ మాట మాస్టారికి ఎక్కడో గుచ్చుకుంది. ఆ రోజు రెండు వాచీలు విప్పి, ఏ ముక్క దేనిదో మర్చిపోయాడు. భార్య అడిగిన ప్రశ్న ఒకటి, ఈవిడ మాట ఒకటి, రెండూ కలిసి చెవిలో జోరీగల్లా తిరిగాయి. నిజంగానే తను పొరపడ్డాడా? మంచి గుడ్డు పొర ఎలా ఉంటుంది? ఎవరినైనా అడిగితే? అడిగితే, 'మాస్టారికి తెలియదు' అని తెలిసిపోతుంది కదా. అదొక్కటే ఆయన్ని ఆపింది. ఒక్క అడుగు దూరంలో బుద్ధి వచ్చి నిలబడితే, పరువు వచ్చి దాని మొహాన తలుపేసింది.

అలా కొట్టుమిట్టాడుతుండగా బావమరిది ఇంకో వీడియో పంపాడు. "బావా, నువ్వే రైట్! చూడు!"

వాచీ చూడ్డానికి అంత అద్దం బిగించే మనిషి, ఫోను చూడ్డానికి కళ్లజోడు పెట్టుకోడు. చెయ్యి బారుగా చాపి, కళ్లు చికిలించి చూశాడు. తెర మీద పెద్ద అక్షరాలు. 'ప్రముఖ శాస్త్రవేత్త బయటపెట్టిన భయంకర నిజం'. వెనక ఢమఢమా సంగీతం. ఒక బరువైన గొంతు, విదేశంలో పరిశోధనలు చేసిన శాస్త్రవేత్త సూక్ష్మదర్శినితో గుడ్డును పరీక్షించి, అందులో కృత్రిమ నేత ఉందని తేల్చారని చెబుతోంది. మొహం లేదు. రెండు చేతులు, ఒక పొర, అంచున ఒక నల్లటి అద్దం కొస. అంతే.

మాస్టారు ఊపిరి పీల్చుకున్నాడు. తను ఒక్కడే చెబితే పొరపాటు కావచ్చు. పైదేశంలో చదివిన శాస్త్రవేత్త కూడా అదే చెప్పాడంటే ఇంకేం కావాలి? ఇద్దరు విద్వాంసులం ఒకే మాట మీద ఉన్నాం అనుకున్నాడు. చెల్లెమ్మకి ఇప్పుడైనా అర్థమవుతుంది, ఆ పాడు గుడ్లు తేవడం మానేస్తుంది, ఆవిడ మేలుకే కదా అనుకుంటూ, చేతిలో ఫోనుతో వీధి దాటాడు.

అప్పటికి గుడ్ల కొట్టు ముందు పక్కవీధి వ్యాను డ్రైవరు నిలబడి ఉన్నాడు. వాళ్ల పాపకి పొద్దున్నుంచీ వాంతులు. నిన్న ఇక్కడి గుడ్డే తింది. అతను కోపంగా వచ్చాడు గానీ, ఆవిడ మంచినీళ్లిచ్చి, కూర్చోబెట్టి, "పిల్లని ముందు డాక్టరుకి చూపించు బాబూ. ఈ వాన నీళ్లకి ఊరంతా వాంతులే. నా గుడ్ల వల్లే అయితే నా మీద ఒట్టు, రేపే కొట్టు మూసేస్తాను" అంటుంటే మెత్తబడ్డాడు. గ్లాసు కింద పెట్టి లేవబోతున్నాడు. ఇంకొక్క నిమిషం ఉంటే వెళ్లిపోయేవాడే.

"చెల్లెమ్మా! నేను చెబితే నమ్మలేదు. ఇదుగో, శాస్త్రవేత్త చెబుతున్నాడు, ఇప్పుడైనా విను!" అంటూ మాస్టారు ఫోను శబ్దం పెంచాడు.

డ్రైవరు విన్నాడు. చూశాడు. అతని మొహం మారిపోయింది. "శాస్త్రవేత్తే చెప్పాక ఇంకా అబద్ధాలాడతావా? నా బిడ్డకి పెట్టావు కదే!" అని అరుస్తూ, ముందున్న అట్టల వరసని రెండు చేతులా ఎత్తి గచ్చుకేసి కొట్టాడు. తర్వాత వెనక వరస. దారిన పోయేవాళ్లు ఆగారు. ఒకరిద్దరు తామూ చెయ్యి వేశారు. మాస్టారు "అయ్యో, ఆగండి, ఆగండయ్యా, ఆవిడ తప్పేం లేదు" అని అరిచాడు గానీ, ఆ గోలలో ఆయన గొంతు ఎవరికి వినిపిస్తుంది? ఫోనులో బరువైన గొంతు మాత్రం స్పష్టంగా వినిపిస్తూనే ఉంది.

అంతా వెళ్లిపోయాక ఆవిడ ఏడవలేదు. చీపురు తీసుకుని, దేన్ని ఎటు ఊడవాలో తెలియక కాసేపు నిలబడింది. తర్వాత సొన అంటిన చెయ్యి కొంగుకి తుడుచుకుని చాపింది.

"ఏదన్నయ్యా, ఆ శాస్త్రవేత్త ఎవరో నన్నూ చూడనీ."

ఆయన ఇచ్చాడు. ఆవిడ మొదటినుంచీ చివరిదాకా చూసింది. మళ్లీ వెనక్కి జరిపి, ఒకచోట ఆపింది. ఫోనుని ఆయన వైపు తిప్పింది.

"ఈ బొటనవేలు నీదే కదన్నయ్యా."

మాస్టారు జేబులోంచి అద్దం తీసి కంటికి బిగించుకున్నాడు. నడిమికి చీలిన గోరు. పక్కనే తన వంటింటి కిటికీ చువ్వ, దానికి తన భార్య వేలాడదీసిన గిన్నెలు తుడిచే గుడ్డ. దీని టైము దీన్నే అడిగితే ఏం చెబుతుందండీ? ఎన్నేళ్లుగా ఎంతమందికి చెప్పాడు ఈ మాట!

"నాదే చెల్లెమ్మా" అన్నాడు. ఆవిడ ఫోను తిరిగిచ్చేసి ఊడవడం మొదలుపెట్టింది.

ఆ సాయంత్రమే ఆయన వెనకవీధిలో కోళ్లు పెంచుకునే ముసలమ్మగారింటికి వెళ్లాడు. "ఒక గుడ్డు కావాలండీ. ఇప్పుడే పెట్టింది" అన్నాడు. కోడి కిందనుంచి వెచ్చగా ఉన్న గుడ్డు తీసిచ్చింది ఆవిడ. కోడి ఆయన్ని అనుమానంగా చూసింది. ఆ వీధి మొత్తం మీద అనుమానించడం తెలిసిన ప్రాణి అదొక్కటే అయి ఉంటుంది. అక్కడే అరుగు మీద కూర్చుని పగలగొట్టి, పొర తీసి, అద్దంలో చూశాడు. పోగులు. అదే అల్లిక. అదే నేత. ప్రతి గుడ్డుకీ పుట్టుకతో ఉండేదే. తెలుసుకోవడానికి వెనకవీధి దాకా నడవడం తప్ప ఏమీ అవసరం లేకపోయింది.

"ఏం బాబూ, గుడ్డు బాగోలేదా? ఏడుస్తున్నావేం?" అంది ముసలమ్మగారు కంగారుగా.

"గుడ్డు బాగుందండీ. నేనే బాగోలేను."

ఆ తర్వాత ఆయన చేయనిదంటూ లేదు. బావమరిది మెడమీద కూర్చుని రెండో వీడియో తీయించాడు. ఈసారి మొహం చూపించి, బొటనవేలు చూపించి, "ఆ శాస్త్రవేత్తని నేనే. నాకు వాచీలు తప్ప ఏమీ తెలియదు. మా వంటింట్లో నిలబడి వాగాను. నమ్మకండి" అన్నాడు. దాన్ని బావమరిదీ, భార్యా, ఇంకా వేళ్లమీద లెక్కపెట్టేంత మందీ చూశారు.

"బావా, నిన్నెవరో బెదిరించి ఇలా చెప్పించారని గ్రూపులో అనుకుంటున్నారు" అన్నాడు బావమరిది.

"ఎవర్రా బెదిరించేది నన్ను? కోడా?"

గుడ్ల కొట్టు ముందు నిలబడి, వచ్చేపోయేవాళ్లకి కనబడేలా రోజూ ఉడికించిన గుడ్డు తిన్నాడు. పాపం, గుడ్లు అమ్ముడుపోవాలని ఆవిడ ఈయన్ని కూలికి పెట్టుకుంది అన్నారు చూసినవాళ్లు. డ్రైవరు పాపకి వాన నీళ్ల వల్లే వచ్చిందని డాక్టరు చెప్పాడు. డ్రైవరు సిగ్గుపడి, వచ్చి, ఆవిడ ముందు తలదించుకుని వెళ్లాడు. గొడవ సంగతి తెలిసి వచ్చిన అధికారులు పరీక్షకి పట్టుకెళ్లిన గుడ్లు మంచివేనని కాగితం కూడా వచ్చింది. ఆవిడ దాన్ని షట్టరుకి అంటించింది. అప్పటికి ఆ షట్టరు మూసే ఉంటోంది. గది ఖాళీ చేసి, మళ్లీ తోపుడుబండి పట్టుకుని, ఆ వీడియో అంతగా తిరగని ఇంకో పేటకి వెళ్లిపోయింది.

ఆవిడ కొట్టులోని గోడగడియారం మాత్రం మాస్టారి దగ్గరే ఉండిపోయింది. గొడవకి ముందు అది నెమ్మదిగా నడుస్తోందని బాగుచేయమని ఇచ్చింది. ఆయన బాగుచేసి, మూడు గడియారాల పక్కన తగిలించి, ఆవిడ వస్తే ఏం మొహం పెట్టుకుని ఇవ్వాలా అని ఎదురుచూశాడు.

వానలు తగ్గాక ఒక మధ్యాహ్నం వచ్చింది ఆవిడ. ఎండకి మళ్లీ నల్లబడింది.

"బాగున్నావా అన్నయ్యా? వదిన బాగుందా? గడియారం అయిందేమో తీసుకెళదామని."

"అయింది చెల్లెమ్మా." ఆయన తీసి, గుడ్డతో తుడిచి, అద్దాన్ని అనవసరంగా ఇంకోసారి తుడిచాడు. తగిలించడానికి గోడ ఎక్కడుందని అడగబోయి నోరు నొక్కుకున్నాడు.

"ఇంట్లో పెట్టుకుంటాలే" అంది ఆవిడే.

"చెల్లెమ్మా, నేను..."

"ఎన్నిసార్లు చెబుతావన్నయ్యా? వదిలెయ్యి. నువ్వు కావాలని చేయలేదు, నాకు తెలుసు." నిజంగానే కోపం లేదు ఆ గొంతులో. ఆయనకి అదే మరీ కష్టంగా ఉంది. తిడితే కొంచెం తేలికపడేవాడు.

"టైము సరిగ్గా పెట్టాను" అన్నాడు ఇంకేం అనాలో తెలియక.

ఆవిడ గడియారం అందుకుంది. సంచిలో పెట్టుకోబోయి ఆగింది. కొంగుముడిలోంచి ఫోను తీసి, దాంట్లో టైము చూసి, గడియారం వంక చూసింది. గోడమీదున్న మూడు గడియారాల్నీ ఒక్కొక్కటిగా చూసింది.

"ఏమీ అనుకోకన్నయ్యా, ఊరికే సరిచూసుకుంటున్నా" అంది.

"చూసుకో చెల్లెమ్మా" అన్నాడు వాచీల మాస్టారు. "బాగా చూసుకో."